జెర్రిపోతుకి ఉగ్గుపాలు

మా ఆయన డ్యూటీ నుంచి రాగానే క్యారేజీ విప్పి కడగడం నా పని. ఆ రోజు పైగిన్నెలో పెరుగన్నం మెతుకులున్నాయి, మధ్య గిన్నెలో ముట్టుకోకుండా వదిలేసిన బీరకాయ కూర ఉంది, అడుగు గిన్నెలో పాము ఉంది.

నేను అరవలేదు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన పుట్టి పెరిగినదాన్ని. గూడ్సు బండి పోతున్నా నా మాట అవతలి వీధికి వినబడుతుందని మా పుట్టింట్లో పేరు. అలాంటి గొంతు ఆ సాయంత్రం ఎటు పోయిందో పోయింది. మూత మళ్లీ పెట్టి, క్లిప్పు బిగించి, ముందుగదిలో చొక్కా విప్పుకుంటున్న ఆయన ఎదురుగా క్యారేజీ పెట్టాను.

"బీరకాయ కూర ఎందుకు తిన్లేదో తర్వాత సెబుదురు గానీ, ముందీ అడుగు గిన్నెలో ఏటున్నాదో సెప్పండి" అన్నాను.

"జెర్రిపోతు పిల్లే. ఇసం నేదు, బయపడకు" అన్నాడాయన, ఇంటికి మామిడిపళ్లు తెచ్చిన మనిషిలాగా. "పునాది తవ్వతంటే బయటపడింది. తోక కాడ పార తగిలీసింది. కుర్రోలు కొట్టీబోతంటే మనసొప్పక తెచ్చీసినాను."

ఎనభైల మధ్యలో మాట ఇది. విశాఖ స్టీలు ప్లాంటు వాళ్ల ఉక్కునగరం అప్పటికి సగం నగరం, సగం ఎర్రమట్టి. మాకు క్వార్టరు కొత్తగా ఇచ్చారు. గోడలకు సున్నం వాసన, నేల మీద ఎంత ఊడ్చినా పోని ధూళి, కిటికీ తెరిస్తే బుల్డోజర్లు. ఎక్కడ తవ్వితే అక్కడ పాములు. అవి ఎటు పోవాలో తెలియక మా సెక్టార్లలోకి వచ్చేవి, మేమూ ఎటు పోవాలో తెలియక కుర్చీలెక్కేవాళ్లం. ఎవరి భూమిలోకి ఎవరొచ్చారన్నది ఆలోచించే తీరిక అప్పుడు ఎవరికుంది?

ఇంట్లో మూడో మనిషి మా అత్త. బొబ్బిలి అవతల పల్లెలో పొలం పనులన్నీ ఒంటిచేత్తో చేసుకొచ్చిన మనిషి. కొడుకు కాపురం చూసి పోతానని వచ్చి, ఉండిపోయింది. ఉండిపోవడానికి కారణం నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. మా పెళ్లయి కొన్నేళ్లయింది, పిల్లల్లేరు. ఆ లోటు తీర్చే బాధ్యత ఆవిడ నా గొంతు మీదుగా చేపట్టింది. తెల్లారి లేస్తే కషాయం, మధ్యాహ్నం ఏదో వేరు నూరిన ముద్ద, సాయంత్రం ఎవరో ఇచ్చిన పసుపు నీళ్లు. ఏమిటని అడిగితే "మింగు, సెప్తాను" అనేది. మింగాక చెప్పేది కాదు.

క్యారేజీలోకి తొంగిచూసి ఆవిడ రెండు చెంపలూ వాయించుకుంది. కొడుకుని తిట్టింది. తరువాత కాసేపు ఆలోచించి ఒక తీర్పు చెప్పింది. "తేడమైతే తెచ్చినావు. ఇప్పుడు ఈ దెబ్బతోటి బయటికి ఇసిరీసినావంటే గెద్ద తన్నుకుపోద్ది. మనింట్లో సచ్చినాదంటే దోసం మనకే సుట్టుకుంటాది, ఇంకీ ఇంట్లో ఉయ్యాల ఊగదు. దీన్ని బతికించి, బలిసినాక, సేతులారా ఒదిలీసి రావాల. అంతే."

అలా ఆ పాము ప్రాణానికీ, ఆవిడకి పుట్టబోయే మనవడికీ ముడిపడింది. జానెడున్నర పొడవు, చిటికెన వేలంత లావు, బూడిదరంగు ఒళ్లు, పెద్ద పెద్ద గుండ్రటి కళ్లు. దాని మీద ఇంత భారం పడిందని దానికి తెలియదు, పాపం.

సామాను వచ్చిన చెక్కపెట్టెకి దోమల వల బిగించి మా ఆయన దానికి ఇల్లు కట్టాడు. ఇక తిండి. మా అత్త తన ట్రంకుపెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన వెండి ఉగ్గుగిన్నె తీసింది. మా ఆయన ఉగ్గుపాలు తాగిన గిన్నె అది. ఎవరికోసం ఊరినుంచి మోసుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. దాన్ని చూడగానే నాకు లోపల చురుక్కుమంది. ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు దాన్ని చింతపండుతో తోమి, గోరువెచ్చటి పాలు పోసి, మా ఆయన పాముని పట్టుకోగా, గిన్నె ముక్కు దాని మూతి దగ్గర పెట్టింది.

"తాగు నాయినా, తాగు. పసికందు కదా, సిగ్గు పడతన్నాడు."

దాహం మీదున్నదేమో, ముక్కులోకి పోయిందో నోట్లోకి పోయిందో, కొన్ని పాలు లోపలికి వెళ్లాయి. మా అత్త మొహం చూడాలి ఆ పూట. నాగులచవితికి జన్మంతా పుట్టలో పాలు పోసిన మనిషి, ఒక్కసారైనా లోపలున్నవాడు తాగాడో లేదో చూసి ఎరగదు. ఇప్పుడు కళ్లారా చూసింది. మర్నాటికి పెట్టెలోంచి వచ్చిన కంపు కూడా ముక్కారా పీల్చింది. పాముకి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. అవి తుడవవలసింది ఎవరని ఎవరూ చర్చించలేదు. పాముని తెచ్చింది ఒకరు, కొలిచేది ఒకరు, పెంట ఎత్తేది నేను.

పసిపిల్లలకి అజీర్తి చేస్తే మా వైపు ఏం చేస్తారో అన్నీ చేసింది మా అత్త. వాము కాచిన నీళ్లు. వాటితో తగ్గకపోతే తమలపాకుకి ఆముదం రాసి, దీపం మీద వెచ్చచేసి, పొట్ట మీద వెయ్యడం. ఆకు వెచ్చచేసి పట్టుకొచ్చాక ఆవిడకి చిక్కొచ్చిపడింది.

"ఒరే, దీనికి పొట్టెక్కడరా?"

"అమ్మా, తలకాయ వొగ్గీసి మిగతాదంతా పొట్టే" అన్నాడు మా ఆయన.

ఆవిడ ఆకుల కట్టంతా ఖర్చు పెట్టి, మెడ దగ్గర్నుంచి తోక దాకా వరసగా పరిచింది. పెళ్లింట్లో కిళ్లీలు కట్టడానికి పరిచినట్టుంది. పాము ఆ ఆకుల కింద నుంచి నావైపు చూసిన చూపు నేనెప్పటికీ మరవను. ఆ చూపు నాకు బాగా తెలుసు. ప్రతి ఉదయం కషాయం గ్లాసు మీదుగా నేను చూసే చూపే అది. పొయ్యి మీద నా కషాయం, దాని వాము నీళ్లు పక్కపక్కనే మరిగేవి. ఒక పూట రెండూ తారుమారయ్యాయని నాకు ఇప్పటికీ అనుమానం. ఆ పూట నాకు మాత్రం త్రేన్పులు హాయిగా వచ్చాయి.

ఇది పని కాదని మా ఆయనకి తోచింది. జెర్రిపోతు కప్పల్ని తింటుంది కదా అని, వానలో గొడుగేసుకుని సెక్టారు మురికికాలవ వెంట కప్పల వేటకి బయల్దేరాడు. ప్లాంటులో నలుగురికి పని చెప్పే మనిషి, లుంగీ ఎగగట్టి, కాలవగట్టు మీద గొంతుక్కూర్చుని కప్పని బతిమాలుతుంటే దారిన పోయేవాళ్లు ఏమనుకున్నారో నేను అడగలేదు. తెచ్చిందేమో పెద్ద కప్ప. పిల్లకి పెద్దది పెడితే తొందరగా బలుస్తుందని ఆయన లెక్క.

పాము దాన్ని ఎలా మింగిందో చూసి తీరాలి. నోరు సాగి సాగి, కళ్లు పక్కకు పోయి, చివరికి కప్ప లోపలికి పోయేసరికి మా ముగ్గురికీ ఆయాసం వచ్చింది. దారంలాంటి ఒంట్లో నిమ్మకాయంత ముడి. ఇంత ఘనకార్యం జరిగాక మా ఆయన ఊరుకుంటాడా? మర్నాడు పాముని చేత్తో ఎత్తి, ఎదురు క్వార్టరుకి తీసుకెళ్లాడు.

ఎదురు క్వార్టరు ఆవిడది జాలరిపేట. అన్నదమ్ములు ఇంకా పడవ మీదే బతుకుతున్నారు, మొగుడు ప్లాంటులో క్రేను నడుపుతాడు. ధైర్యంగల మనిషి. "ఇలాగియ్యి బావా, సూత్తాను" అని పాముని ఒళ్లో వేసుకుంది. దాని ఒంట్లో ఒక అల పుట్టింది. మామూలుగా అది తల నుంచి తోకకి పోవాలి. ఇది తోక వైపు నుంచి తలకి వచ్చింది. నోరు తెరుచుకుంది. సగం అరిగిన కప్ప ఆవిడ కొత్త నైలెక్స్ చీర మీద పడింది.

ఒక వారం పాటు రెండు క్వార్టర్ల మధ్య మాటల్లేవు.

పాము నీరసించిపోయింది. ఒళ్లు వాడిన తీగలా వేలాడేది. మా అత్త దేవుడి గూటి ముందు కూర్చుంటే లేచేది కాదు. ఆవిడ భయం చూసి నాకూ భయం వేసింది. దోషాల మీద నాకు నమ్మకం లేదు, కానీ ఒక మనిషి అంత నమ్మకంగా వణుకుతుంటే పక్కనున్నవాళ్లకి కొంచెమైనా అంటుకుంటుంది. పైగా ఆ పాము చస్తే రేపు నా కషాయాలు ఎన్ని రెట్లవుతాయో ఊహించగలను. అది బతకాలని నేనూ గట్టిగానే కోరుకున్నాను.

చివరికి మా ఆయన దువ్వాడ నుంచి తన స్నేహితుణ్ణి పిలుచుకొచ్చాడు. అక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే లెక్చరరు. ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా బావా."

"వద్దులే బావా. నాను పాటాలు సెప్పిన పాములన్నీ సీసాల్లోవే. కదిలే పాముతోటి నాకు పరిచయం నేదు. ఇక్కడ్నుంచే సెప్తాను, రాసుకో."

గేటు అవతల నిలబడి, సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా చెప్పాడు. పాములు పాలు తాగే జాతి కాదు, దాహం పుట్టి తాగినా ఆ కడుపుకి పాలు అరగవు. మంచినీళ్లు గిన్నెలో పెట్టండి చాలు. దాని నడుము లావుకి మించింది తిండికి పెట్టకండి. దాని ఒంట్లో సొంత వేడి ఉండదు, బయట వెచ్చగా లేకపోతే మింగింది అరగక లోపలే కుళ్లుతుంది, అందుకే కక్కుతుంది. మింగిన తరువాత నాలుగైదు రోజులు ముట్టుకోవద్దు, లేపొద్దు, ఎవరికీ చూపించొద్దు. ఒకసారి కక్కిందంటే లోపలంతా పుండైపోతుంది, రెండు వారాలు ఏమీ పెట్టకుండా ఊరుకోండి. ఈసారి కక్కితే మాత్రం బతకడం కష్టం.

"ఊరుకోడం కూడా ఒక మందేటి?" అంది మా అత్త, వాము పొడి చేత్తో పట్టుకునే.

"ఈడికి అదే మందు పిన్నీ" అని ఆయన సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆవిడకి ఊరుకోవడం రాదు. పొలంలో మొక్కకైనా, పశువుకైనా, కోడలికైనా ఏదో ఒకటి పొయ్యకపోతే ఆవిడ చెయ్యి నిలవదు. ఆ రెండు వారాలూ ఆవిడ పడ్డ అవస్థ పాము కూడా పడి ఉండదు. పెట్టె చుట్టూ తిరిగేది, మూత మీద చెయ్యి వేసేది, నా వైపు చూసి తీసేసేది. దానికి పొయ్యలేనిదంతా నాకు పోసింది. నా కషాయం గ్లాసు ఆ రోజుల్లో గ్లాసు పోయి లోటా అయింది. దీపావళి దగ్గరపడేసరికి చలి మొదలైంది. పెట్టెలో ఒక మూల బల్బు వేలాడదీశాం. కరెంటు పోతే ఆవిడ సీసాలో వేడినీళ్లు పోసి, పాత చీరముక్క చుట్టి పక్కన పెట్టేది. కుక్కరు ఈల వేస్తే దానికి ఉలుకు పుడుతుందని కుక్కరు మాన్పించింది. పాములకి చెవులుండవని నేను చెప్పాను. "సెవుల్లేపోతే మాత్రం అదరదేటి?" అంది.

రెండు వారాలు గడిచాక, నాగులచవితికి ముందురోజు మధ్యాహ్నం, మా ఆయన బొటనవేలి గోరంత కప్పపిల్లల్లోంచి ఏరి ఒకదాన్ని పెట్టెలో వదిలాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. మేం ముగ్గురం వంటింటి గుమ్మంలోంచి మెడలు చాచి చూస్తున్నాం. పాము నాలుక ఆడించింది. కదిలింది. పట్టింది. మింగింది. మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గొంతు రాకుండా ఏడ్చింది.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ మర్నాడు చవితి. మా సెక్టారు వెనక ఒక్క పుట్ట మిగిలి ఉండేది, దాన్ని ఆ నెలలోనే చదును చేసి రోడ్డు వేశారు. పాలు ఎక్కడ పొయ్యాలని ఆడవాళ్లంతా దిగులు పడుతుంటే, ఎదురు క్వార్టరు ఆవిడ నైలెక్స్ చీర సంగతి మరిచిపోయి మరీ అందరికీ చెప్పిందట, "పుట్టెందుకే, నాగరాజు ఆల్ల ఇంట్లోనే ఉన్నాడు గదా" అని. వాళ్లకన్నా ముందు మా అత్త మొక్కుకుంది. మొదటి చెంబు తనదే. పుట్టలో పోసినవాళ్లకే పిల్లలు పుడితే, ఎదుట కూర్చోబెట్టి నోట్లో పోసినవాళ్లకి పుట్టరా? లెక్చరరు మాటలు గుర్తు చేశాను. "ఏడాదికొక్క పాలి, ఒక్క గుక్క. దానికేటవద్ది?" అంది.

తెల్లారేసరికి మా ఆయన ఫస్టు షిఫ్టుకి వెళ్లిపోయాడు. తలంటు పోసుకుని, ఉపవాసంతో, మా అత్త ఉగ్గుగిన్నెలో పాలు పట్టుకుని పెట్టె ముందు కూర్చుంది. వద్దని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. బయట గుమ్మం ముందు అప్పటికే ఆడవాళ్లు చేరారు. చెంబుల చప్పుడు, చలిమిడి, చిమ్మిలి వాసన, పిల్లలు కాలుస్తున్న మతాబుల పొగ.

ఆవిడ మూత ఎత్తింది.

పాము బల్బు కింద చుట్టుకుని ఉంది. ఒంటి మధ్యన చిన్న ఉబ్బు. మూత కదలగానే తల ఎత్తింది, చుట్ట విప్పుకుంది, ఆ ఉబ్బు దగ్గర ఒళ్లు ఒకసారి ముడుచుకుంది. మళ్లీ ముడుచుకుంది. ఎదురింటి ఆవిడ ఒళ్లో పుట్టిన అలే అది, తోక వైపు నుంచి మొదలవుతోంది. మా అత్త కూడా చూసింది. ఆవిడ గిన్నె నేల మీద పెట్టి, రెండు చేతులతో, నిద్రపోతున్న పసిపిల్ల మీద దుప్పటి కప్పినంత మెల్లగా మూత దించింది. ఆ మూత మీద కొంగు పరిచి పైన కదలిక కనబడకుండా చేసి, కాసేపు అలాగే చెవి ఆనించి కూర్చుంది. లోపల చప్పుడేమీ రాలేదు.

లేచి గుమ్మంలోకి వెళ్లి, రెండు చేతులూ తలుపుకి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల నేదు. ఎల్లిపోండి."

"అదేటప్పా? చవితి ఇయ్యాలైతే, రేపు పోత్తారేటి పాలు?" అంది ఎదురింటి ఆవిడ.

"తిని తొంగున్నాడు. లేపకూడదు."

"మనం ఉపాసాలుంటే ఆయన తినీసి తొంగున్నాడా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. మా అత్త నవ్వలేదు.

"తిన్నాడు. కప్పని తిన్నాడు. ఎన్నాళ్లకో తిన్నాడు. మీ పాలు ఆడికి అరగవు. పుణ్యం కావాలంటే అదిగో, ఆ మట్టిగుట్ట మీద పోసీయండి. అది ఆళ్ల పుట్ట మట్టే గదా, రోడ్డుకోసం ఎత్తిపోసినారు."

కాసేపు గొణుక్కున్నారు. తరువాత వీధి చివరి మట్టిగుట్ట మీదే పోశారు. మా సెక్టారు కుక్కలకి అంత వైభోగంగా చవితి మళ్లీ జరగలేదు.

ఆ కప్ప నిలిచింది. పాము కక్కలేదు. నాలుగైదు రోజుల తరువాత పెట్టె మూల గట్టిగా నల్లటి పెంట, దాని చివర సున్నంలాంటి తెలుపు కనబడితే మా అత్త వీధిలోకి పరుగెత్తి "ఎల్లింది! సుబ్బరంగా ఎల్లింది!" అని అందరికీ చెప్పింది. ఇంకొన్నాళ్లు మేపి, తోక మాని, చేతికి చిక్కనంత చురుకు వచ్చాక, కొండవార తుప్పల్లో వదిలేశాం. మాకు పిల్లలు పుట్టలేదు. పాము చలవ వల్ల పుట్టారని చెబుతానేమోనని ఎవరైనా ఎదురుచూస్తుంటే, ఆ ఆశ ఇక్కడే వదులుకోమంటున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఆ చవితి పూట సంగతి. ఆడవాళ్లు వెళ్లిపోయాక మా అత్త వంటింట్లోకి వచ్చి గోడకి ఆనుకుని కూలబడింది. ఉగ్గుగిన్నెలో పాలు అలాగే ఉన్నాయి.

"మొదటి చెంబు మనదే అన్నావు గదత్తా" అన్నాను. ఎత్తిపొడుపుగానే అన్నాను, నా నోరు అలాంటిది.

"కడుపులో తిండున్నోన్ని లేపి కక్కించి, ఆడి ఉసురు పోసుకుని నాకు మనవడొద్దే" అంది. నావైపు చూసింది. పొయ్యి పక్కన నా లోటా ఉంది, అందులో పొద్దుటి కషాయం ఇంకా పొగలు కక్కుతోంది. "నిన్ను కూడా ఒక్క పూటన్నా ఊరికే ఒగ్గీనేదు గదే నాను" అంది.

ఆవిడ లేచి, కంచం కడిగి, పొద్దున కొడుకు కోసం వండిన అన్నంలోంచి మిగిలింది పెట్టి, వంకాయ కూర వేసి, నా ముందు పెట్టింది.

"ఉపాసం గదత్తా."

"నీ ఉపాసం కూడా నానే ఉంతాను. తిను."

తిన్నాను. తింటుంటే కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఆవిడ చూడనట్టు అటు తిరిగి కూర్చుంది. తిన్నాక చాప వేసి పడుకోమంది. పట్టపగలు, పండగ పూట, అత్త ఇంట్లో ఉండగా నేను పడుకోవడం అదే మొదలు. కన్ను మూతబడుతుండగా గుమ్మంలో ఎదురింటి ఆవిడ గొంతు వినబడింది, చిమ్మిలి తెచ్చాను, కోడలేదీ అని.

"తిని తొంగుంది" అంది మా అత్త. "లేపకూడదు."